పెట్టెలో ప్రాణం

సరీసృపం తన ఒంటి వేడిని తానే పుట్టించుకోలేదు. బల్లి అయినా, పామైనా, తాబేలైనా ఎండ పొడలోకి వచ్చి ఒళ్ళు కాచుకుంటుంది, వేడి ఎక్కువైతే నీడకు జరుగుతుంది. దాని పగలంతా ఈ జరగడంలోనే గడుస్తుంది. పెట్టెలో పెట్టి మూత బిగించగానే ఆ వీలు పోతుంది. ఇక పెట్టె ఎంత కాగితే ప్రాణీ అంత కాగుతుంది, పెట్టె ఎంత చల్లబడితే అదీ అంత చల్లబడుతుంది. పెంపుడు సరీసృపాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి క్షేమంగా పంపడానికి కావలసిన మెళకువల్లో ముప్పాతిక వంతు ఈ ఒక్క సంగతిలోనే ఉన్నాయి.

దారిలో ఆకలేస్తుందేమో, దాహం వేస్తుందేమో అని కొత్తగా పెంచేవాళ్ళు పడే బెంగ చాలావరకు అనవసరం. అంతే బరువున్న ఎలుక రోజుకు ఖర్చుపెట్టే శక్తిలో బల్లికి పదో వంతు సరిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము వారాల తరబడి తిండి లేకుండా ఉండగలదు. గాలి కూడా కొంచెంతోనే సరిపెట్టుకుంటుంది. వేడితో మాత్రం అలా కుదరదు. దానికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పినా పెద్దగా ఊరట దొరకదు. శరీరం 40 డిగ్రీలు దాటి కాసేపు అలాగే నిలిస్తే చాలా జాతులు బతకవు. మే నెలలో హైదరాబాద్ బయటి గాలే 40 దాటుతుంది. అద్దాలు మూసి ఎండలో ఆపిన కారు లోపల అరగంట తిరక్కుండానే 50 దాటిపోతుంది. తిండి లేకపోవడం కంటే ఆ అరగంటే ప్రాణికి ఎక్కువ ప్రమాదం.

హైదరాబాద్‌లోని జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ కొండలకు సరీసృపాలు కొత్త కాదు. గోల్కొండ దాకా పరుచుకున్న ఈ గ్రానైటు గుండ్ల మధ్య తొండలు, ఉడుములు, పాములు మనుషుల కంటే ముందు నుంచీ ఉన్నాయి. మద్రాసు నుంచి సినిమా పరిశ్రమ తరలివచ్చి, రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ ఛాంబర్, వాటి చుట్టూ కాలనీలు లేచాక ఈ ప్రాణులకు మిగిలిన చోటు తగ్గింది. 350 ఎకరాలకు పైబడిన కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం పక్కనే ఉండటంతో ఇప్పటికీ వానాకాలంలో ఇళ్ళ ఆవరణల్లోకి పాములు వస్తూనే ఉంటాయి. ఇవి అడవి ప్రాణులు. వీటికి తోడు హైదరాబాద్‌లోని కలవారి కాలనీల్లోకి గత కొన్నేళ్ళుగా మరో రకం ప్రాణులు చేరాయి: ఇగ్వానాలు, బాల్ పైథాన్లు, లెపర్డ్ గెక్కోలు, ఎర్రచెవుల తాబేళ్ళు. ఇవి విదేశీ జాతులు, గాజు తొట్టెల్లో బతికేవి. ఇల్లు మారినప్పుడు, యజమాని ఉద్యోగం మీద బెంగళూరో పుణెయో వెళ్ళినప్పుడు, జబ్బు చేసి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళవలసినప్పుడు వీటికి ప్రయాణం తప్పదు.

పెట్టె సంగతికి ముందు చట్టం సంగతి తేల్చుకోవాలి. పంపదలచిన ప్రాణి ఏ జాతిదో తెలియకుండా పెట్టె వెతకడం మొదలుపెట్టకూడదు. మన దేశపు పాములు, ఉడుములు, ఊసరవెల్లులు, తాబేళ్ళు చాలావరకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. వాటిని పట్టడం, పెంచడం, అమ్మడం, మరోచోటికి పంపడం అన్నీ నేరాలే. 2022లో ఈ చట్టాన్ని సవరించారు, మార్పులు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. నక్షత్ర తాబేలు, కొండచిలువ, ఉడుము ఇప్పుడు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఆ షెడ్యూలు ప్రాణుల విషయంలో నేరం రుజువైతే శిక్ష మూడేళ్ళకు తగ్గదు, ఏడేళ్ళ దాకా పడవచ్చు, జరిమానా కనీసం 25 వేల రూపాయలు. తెలుగు రాష్ట్రాల్లో లక్షలు పలుకుతుందని ప్రచారం చేసి అమ్మజూపే రెండు తలల పాము కూడా రక్షిత జాతే. దానికి ఉన్నది ఒక్కటే తల. తోక మొద్దుగా ఉండటం వల్ల రెండో తలలా కనిపిస్తుంది. దానివల్ల ధనం కలిసొస్తుందన్న మాటలో నిజం లేదు. ఇలాంటి ప్రాణి ఎవరి ఇంట్లో ఉన్నా దానికి క్షేమమైన ప్రయాణం ఒక్కటే, అటవీ శాఖ చేతుల్లోకి.

విదేశీ జాతుల సంగతి వేరు. అంతర్జాతీయ వ్యాపారం వల్ల అంతరించే ప్రమాదమున్న జీవుల గురించి దేశాలు చేసుకున్న ఒప్పందం సైటిస్. దాని జాబితాల్లోని జాతుల్ని 2022 సవరణ మన చట్టంలో నాలుగో షెడ్యూలుగా చేర్చింది. బాల్ పైథాన్, ఆకుపచ్చ ఇగ్వానా, అరేబియా ప్రాంతపు వీల్డ్ ఊసరవెల్లి ఈ జాబితాలోవే. అమెరికా కార్న్ స్నేక్ అందులో లేదు. 2024 ఫిబ్రవరి 28న కేంద్రం ప్రకటించిన నిబంధనల ప్రకారం ఈ షెడ్యూలులోని ప్రాణి ఉన్నవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. అప్పటికే పెంచుతున్నవాళ్ళకు ఆరు నెలలు గడువిచ్చారు. తర్వాత కొత్తగా తీసుకున్నవాళ్ళు 30 రోజుల్లోగా నమోదు చేయాలి. ప్రాణి చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా ఆ సంగతీ తెలియజేయాలి. హైదరాబాద్ నుంచి మరో ఊరికి అలాంటి ప్రాణిని పంపేటప్పుడు ఈ నమోదు కాగితం నకలు పెట్టె వెంట ఉండాలి. దారిలో తనిఖీ జరిగి కాగితం లేకపోతే ప్రాణి గంటల కొద్దీ, ఒక్కోసారి రోజుల కొద్దీ పెట్టెలోనే మిగిలిపోతుంది. అందుకని కాగితం కూడా ప్యాకింగులో భాగమే అనుకోవాలి.

విదేశాల నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకుందామనే ఆలోచనను మొదట్లోనే మానుకోవాలి. ప్రయాణికులు సామానుతో పాటు తెచ్చుకోవడానికి మన దేశం ఒప్పుకునే పెంపుడు జంతువులు కుక్కలు, పిల్లులే. మిగతావాటికి దిగుమతి లైసెన్సు, సైటిస్ అనుమతి, జంతు క్వారంటైన్ కేంద్రం పరీక్ష కావాలి. అలాంటి కేంద్రాలున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. బ్యాంకాక్ నుంచి దిగినవాళ్ళ పెట్టెల్లో మేజోళ్ళలో చుట్టిన పాములు, డబ్బాల్లో కుక్కిన బల్లులు, తాబేలు పిల్లలు చెన్నై విమానాశ్రయంలో ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. అలా వచ్చే ప్రాణుల్లో కొన్ని దారిలోనే చనిపోతాయి. మిగిలినవాటిని వచ్చిన దేశానికే తిప్పి పంపిస్తుంటారు, అంటే అలసిన ఒంటితో మళ్ళీ అదే ప్రయాణం.

ఒకే జాతి ప్రాణులు రెండు నెలల తేడాలో చేసిన రెండు ప్రయాణాలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం కళ్ళకు కడుతుంది. నక్షత్ర తాబేలు చిత్తూరు, అనంతపురం ప్రాంతాల ఎండు నేలల్లో, ముళ్ళపొదల్లో బతికే జీవి. గోధుమ రంగు డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుంటాయి. ఆ అందమే దాని పాలిట శాపమైంది. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దులోని ఒక్క కేంద్రం నుంచే ఏటా కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్ళను అడవి నుంచి పట్టుకుపోతున్నారని 2015లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. 2018 నవంబరులో సింగపూర్‌లో అక్రమ వ్యాపారుల నుంచి కాపాడిన 51 నక్షత్ర తాబేళ్ళను రెండు దేశాల జంతు సంరక్షణ సంస్థలు, కర్ణాటక అటవీ శాఖ కలిసి విమానంలో భారతదేశానికి తిరిగి తీసుకొచ్చాయి. ఆ ప్రయాణానికి అనుమతులు, ఆరోగ్య పరీక్షలు, ఇక్కడ దిగాక ఉంచే చోటు అన్నీ ముందే సిద్ధమయ్యాయి. 2019 జనవరిలో విశాఖపట్నం రైల్వే స్టేషన్లో రెవెన్యూ నిఘా విభాగం (డీఆర్‌ఐ) అధికారులు ఒక రైల్లోని ట్రాలీ బ్యాగుల్లో 1,125 నక్షత్ర తాబేళ్ళను పట్టుకున్నారు. అవి బంగ్లాదేశ్ చేరవలసినవి. 51 తాబేళ్ళకు ఒక విమానం, రెండు దేశాల యంత్రాంగం. 1,125 తాబేళ్ళకు కొన్ని సూట్‌కేసులు. అదే ఏడాది ఆగస్టులో సైటిస్ దేశాలు నక్షత్ర తాబేలును అత్యధిక రక్షణ ఉండే మొదటి జాబితాలోకి మార్చాయి.

చట్టబద్ధంగా పెంచుకుంటున్న ప్రాణిని ఎవరి చేత పంపాలన్నది తర్వాతి ప్రశ్న. మామూలు కొరియర్ సంస్థల నిషేధిత సరుకుల జాబితాలో ప్రాణమున్న జంతువులు ఉంటాయి. పెట్టెలో ఏముందో చెప్పకుండా అప్పగిస్తే దాన్ని తలకిందులుగా పేర్చవచ్చు, ఎండలో వదిలేయవచ్చు, స్కానింగులో బయటపడి ఆపేయవచ్చు. తప్పు కొరియర్ కుర్రాడిది కాదు, చెప్పకుండా పంపినవాళ్ళది. అక్వేరియం వ్యాపారులు చేపల్ని ఆక్సిజన్ నింపిన సంచుల్లో రాత్రి బస్సులకు వేసి పంపినట్టే కొందరు బల్లుల్నీ పాముల్నీ బస్సు పార్శిల్‌లో వేస్తుంటారు. బస్సు డిక్కీ ఇంజను పక్కనే ఉంటుంది, దాని వేడి ఎవరి అదుపులోనూ ఉండదు. ఈ అలవాటును సమర్థించడానికి ఏమీ లేదు. విమానంలో పంపాలంటే సరుకు విభాగంలో ముందుగా మాట్లాడి, ప్రాణుల రవాణాకు అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం ఏటా ప్రచురించే నియమావళి ప్రకారం పెట్టె కట్టాలి. ఏ జాతికి ఎలాంటి పెట్టె, ఎన్ని రంధ్రాలు, ఎంత చోటు అన్నది అందులో విడివిడిగా ఉంటుంది. దగ్గరి ఊళ్ళకైతే ఏసీ కారులో యజమాని స్వయంగా తీసుకెళ్ళడాన్ని మించినది లేదు.

మన దేశంలో జంతువుల రవాణాకు 1978 నుంచి నిబంధనలున్నాయి. కుక్కలు, పిల్లులు, కోతులు, పశువులు, గుర్రాలు, గొర్రెలు, మేకలు, ఆ తర్వాత చేర్చిన కోళ్ళు, పందులు, వీటన్నిటికీ అందులో అధ్యాయాలున్నాయి. సరీసృపాలకు లేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం మాత్రం అన్ని ప్రాణులకూ వర్తిస్తుంది. అనవసరమైన బాధ కలిగేలా ఏ జంతువును తరలించినా అది నేరమే. అయితే మొదటిసారి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకే. దశాబ్దాల కిందటి ఈ అంకె నేటికీ మారలేదు. పెట్టెలో ఊపిరాడక చచ్చిన బల్లికి చట్టం కట్టిన విలువ ఆటో ఛార్జీ కూడా కాదు. ఇది మారాలి. మారేదాకా ఆ ప్రాణి క్షేమం పూర్తిగా పంపేవాళ్ళ జాగ్రత్త మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రయాణపు సన్నాహం వారం ముందే మొదలవుతుంది. మొదట ఉపవాసం. సరీసృపపు కడుపులో తిండి అరగాలంటే ఒంట్లో వేడి ఉండాలి. తిన్న వెంటనే చల్లటి పెట్టెలో పడితే ఆ తిండి అరగక కుళ్ళుతుంది. పాము దాన్ని కక్కేస్తుంది, ఆ కక్కినదానిలోనే గంటల తరబడి పడి ఉంటుంది. అందుకే పాముకు ప్రయాణానికి ముందు ఐదు నుంచి ఏడు రోజులు, బల్లికి రెండు మూడు రోజులు తిండి ఆపుతారు. నీళ్ళు మాత్రం చివరి పూట దాకా ఇవ్వాలి. నేల తాబేలును బయలుదేరే ముందు గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట నిలబెడితే కావలసిన నీళ్ళు తాగి, కడుపు కూడా ఖాళీ చేసుకుంటుంది. కుబుసం విడుస్తున్న పామును, గుడ్లతో ఉన్న ఆడ బల్లిని, ముక్కు కారుతున్న తాబేలును, బక్కచిక్కిన ఏ ప్రాణినీ ప్రయాణం కట్టించకూడదు. ఆరోగ్యంగా ఉన్నదే తట్టుకోవలసిన శ్రమ అది.

పెట్టె ఒకటి కాదు, మూడు పొరలు. లోపలి పొర ప్రాణిని పట్టి ఉంచుతుంది, మధ్య పొర వేడిని అడ్డుకుంటుంది, బయటి పొర దెబ్బల్ని తట్టుకుంటుంది. పాముకు లోపలి పొరగా నూలు గుడ్డ సంచి మేలు. దిండు గలీబు అయినా సరిపోతుంది, లోపలి కుట్ల పోగులు వేలాడకుండా తిరగేసి చూడాలి. పోగులు చిన్న పాము మెడకు చుట్టుకుంటాయి. సంచి మూతి మెలితిప్పి, మడిచి, తాడుతో గట్టిగా కట్టి, ఆ ముడి కింద పాము చిక్కలేదని చేత్తో తడిమి చూసుకోవాలి. గెక్కోలాంటి చిన్న బల్లికి గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా, అడుగున మెత్తటి కాగితపు తువ్వాలు, పక్కలకు సూదితో పొడిచిన రంధ్రాలు కావాలి. ఆ రంధ్రాలు లోపలి నుంచి బయటికి పొడిచినవై ఉండాలి, లేకపోతే గరుకు అంచులు లోపలికి వచ్చి చర్మాన్ని గీరతాయి. డబ్బా ప్రాణికి కొంచెమే పెద్దదిగా ఉండాలి. మనుషుల లెక్కలో విశాలమైన గది సుఖం, ప్రయాణంలో బల్లికి అది ప్రమాదం. పెట్టె ఒరిగిన ప్రతిసారీ అది ఈ గోడ నుంచి ఆ గోడకు పడుతుంది. లెపర్డ్ గెక్కో బెదిరితే తోక తెంపుకుంటుంది. కొత్త తోక మొలిచినా పాత రూపు రాదు, అందులో దాచుకున్న కొవ్వూ పోతుంది.

ఒక్కో డబ్బాలో ఒక్కటే ప్రాణి ఉండాలి. తొట్టెలో కలిసి ఉన్నవే అయినా ఇరుకులో కరుచుకుంటాయి. నేల తాబేలు పొర్లి వెల్లకిలా పడకుండా చుట్టూ నలిపిన కాగితాలు కూరాలి. దాని ఊపిరితిత్తులు పైడిప్ప కిందే ఉంటాయి. వెల్లకిలా పడితే లోపలి అవయవాల బరువంతా వాటి మీద పడి ఊపిరి కష్టమవుతుంది. నీటి తాబేలును నీళ్ళలో పంపకూడదు. పెట్టె ఊగినప్పుడు నీళ్ళు కొట్టి అలసిపోతుంది, చిన్నదైతే మునిగిపోతుంది కూడా. తడిపి పిండిన గుడ్డ మీద ఉంచితే రోజంతా హాయిగా ఉంటుంది. అన్నిటికంటే గడ్డు ప్రాణి ఊసరవెల్లి. దాని కాళ్ళు కొమ్మను పట్టుకోవడానికే ఏర్పడ్డాయి. పట్టుకోవడానికి చిన్న పుల్ల అయినా లేకపోతే కంగారుపడి నీరసిస్తుంది. ఊసరవెల్లిని దూరం పంపకుండా ఉండగలిగితే అదే మంచిది.

మధ్య పొర థర్మాకోల్ పెట్టె. కనీసం అర అంగుళం మందం ఉండాలి, ముప్పావు అంగుళమైతే ఇంకా మేలు. దాని లోపల డబ్బాలు కదలకుండా కాగితపు ముక్కలు నింపి, పక్కలకు పెన్సిల్ మందాన నాలుగైదు రంధ్రాలు చేసి, అవి మూసుకుపోని విధంగా గట్టి అట్టపెట్టెలో దించాలి. పాత పెట్టెలు వాడేటప్పుడు ఇదివరకు వాటిలో ఏమున్నదో ఆరా తీయాలి. పురుగుమందో, కలరా ఉండలో ఉన్న పెట్టె వాసన మనకు తెలియకపోయినా బల్లి ఊపిరికి విషమే. దోమల మందు కొట్టిన గదిలో పెట్టె కట్టకూడదు. ప్యాకింగ్ టేపు ఏ మూలా లోపలికి తెరుచుకుని ఉండకూడదు. పాము పొలుసులకు అంటుకున్న టేపును లాగితే చర్మం ఊడి వస్తుంది.

ఇక వేడి లెక్క. చాలా పెంపుడు జాతులకు దారిలో 21 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే ఏ ఇబ్బందీ ఉండదు. సరీసృపాల రవాణా గురించి ఇంగ్లీషులో దొరికే సలహాలు ఎక్కువగా చలి దేశాలవి, కాబట్టి వాటిలో వెచ్చదనమిచ్చే హీట్ ప్యాకుల మాట తరచుగా వస్తుంది. ఆ ప్యాకులో ఉండేది ఇనుప పొడి. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తుప్పు పడుతూ వేడి పుట్టిస్తుంది. 40 గంటలు, 72 గంటలు పనిచేసే రకాలున్నాయి. ఇదే సలహాను హైదరాబాద్‌లో గుడ్డిగా పాటిస్తే ప్రాణి ఉడికిపోతుంది. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు సమస్య వేడిదే. డిసెంబరు, జనవరిలో ఉత్తరాదికి పంపేటప్పుడు తప్ప హీట్ ప్యాకు అక్కరలేదు. అప్పుడు కూడా దాన్ని మూత లోపలి వైపు అంటించి, ప్రాణికి తగలకుండా మధ్యలో అట్ట ఉంచి, అది వాడుకునే గాలికి సరిపడా రంధ్రాలు పెంచాలి.

వేడి రోజుల్లో చల్లదనం కోసం ఐసు ముక్కలు వేయడం మరో పొరపాటు. ఐసు తగిలిన చోట చలి, దూరంగా వేడి, రెండు గంటల్లో కరిగి తడి. దీనికంటే 22 డిగ్రీల దగ్గర కరిగే ప్రత్యేకమైన జెల్ ప్యాకులు మంచివి. పెట్టె వేడెక్కుతుంటే అవి కరుగుతూ వేడిని పీల్చుకుంటాయి, చల్లబడుతుంటే గడ్డకడుతూ వేడిని తిరిగి ఇస్తాయి. అవి దొరకనప్పుడు ఫ్రిజ్‌లో చల్లబరచిన నీళ్ళ సీసాను, గడ్డకట్టించకుండా, మందంగా కాగితం చుట్టి మూలన పెట్టవచ్చు. అయితే పగలు 38 దాటే రోజుల్లో ఏ ప్యాకునూ నమ్మకుండా ప్రయాణాన్నే వాయిదా వేయడం సరైన నిర్ణయం.

ప్రాణిని చీకటిలో, చల్లగా, గాలి ఆడేలా ఉంచాలన్న సూత్రాన్ని థర్మాకోల్ పుట్టకముందే మన నేల మీది జనం పట్టుకున్నారు. పాములవాళ్ళ వెదురు బుట్ట చీకటిగా, గాలి ఆడేలా ఉంటుంది. చీకట్లో పాము చుట్ట చుట్టుకుని కదలకుండా ఉంటుందని వాళ్ళకు తెలుసు. కోరలు పీకడం, నోరు కుట్టడం వంటి వాళ్ళ క్రూరమైన పనులు వేరే సంగతి. వాటిని చట్టమూ ఒప్పుకోదు, మనసూ ఒప్పుకోదు. చెన్నై దగ్గర 1978లో ఏర్పడిన ఇరుళర్ పాములవాళ్ళ సహకార సంఘం విషం తీయడానికి తెచ్చిన పాముల్ని మట్టి కుండల్లో ఉంచి, మూతికి పలుచటి నూలుగుడ్డ కడుతుంది. కుండ చల్లదనం ఇస్తుంది, గుడ్డ గాలి ఇస్తుంది, లోపల చీకటి. హైదరాబాద్‌లో 1995 నుంచి పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి సంస్థల కార్యకర్తలు ఇళ్ళలో దూరిన పాముల్ని పట్టి అడవికి చేర్చేటప్పుడు పాటించేదీ ఇదే: ఒంటరిగా, చీకటిలో, చల్లగా, వీలైనంత త్వరగా.

ఫిల్మ్ నగర్‌లో ఈ చర్చకు మరో కోణం ఉంది. తెలుగు తెరకు పాము పాత పరిచయమే. 1995లో వచ్చిన అమ్మోరు, 1999లో వచ్చిన దేవి తర్వాత గ్రాఫిక్స్ మీద నిర్మాతలకు నమ్మకం కుదిరింది, తెర మీది పాము క్రమంగా కంప్యూటర్లోకి మారింది. నిజమైన జంతువును చూపాలంటే 2001 నాటి ప్రదర్శన జంతువుల నమోదు నిబంధనల ప్రకారం భారత జంతు సంక్షేమ మండలి నుంచి ముందుగా అనుమతి తీసుకోవాలి. దశాబ్దాల పాటు చెన్నైలో ఉన్న ఆ కార్యాలయం 2018లో హరియాణాలోని బల్లభ్‌గఢ్‌కు మారింది. మండలి పత్రం లేకపోతే సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ రాదు. విదేశీ బల్లినో తాబేలునో షాట్ కోసం తెప్పించినా సెట్టుకు రావడం, లైట్ల వేడిలో ఉండటం, తిరిగి వెళ్ళడం, ఈ మూడింటికీ ఇంటి ప్రాణికి తీసుకునే జాగ్రత్తలే వర్తిస్తాయి. సెట్టు మీది లైటు పక్కన పెట్టిన పెట్టెకూ ఎండలో ఆపిన కారుకూ తేడా లేదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు గెక్కో, కార్న్ స్నేక్ పెంచడం మామూలు సంగతి. అక్కడి తపాలా శాఖ హాని చేయని చిన్న చల్లరక్తపు ప్రాణుల్ని, 20 అంగుళాలు మించని మొసలి పిల్లల్ని సైతం, పార్శిల్‌గా తీసుకుంటుంది. పాముల్నీ తాబేళ్ళనూ మాత్రం ససేమిరా తీసుకోదు. 1900లో వచ్చిన లేసీ చట్టం కింద రాష్ట్రాల మధ్య పంపే ప్రాణుల పెట్టె మీద లోపల ఏ జాతివి ఎన్ని ఉన్నాయో రాయాలి. హవాయిలో పామును పెంచడమే నిషేధం. నాలుగు అంగుళాల కంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్ళను పెంపకానికి అమ్మడాన్ని 1975లో ఆ దేశం ఆపింది. వాటిని ముట్టుకున్న పిల్లలకు సాల్మొనెల్లా జబ్బు సోకడమే కారణం. మన అక్వేరియం దుకాణాల్లో అమ్మే ఎర్రచెవుల తాబేలు పిల్లల డిప్ప పది రూపాయల నాణెం కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది. పెట్టె కట్టేవాళ్ళూ విప్పేవాళ్ళూ సబ్బుతో చేతులు కడుక్కోవాలన్నది అలవాటుగా మారాలి. ఐదేళ్ళ లోపు పిల్లల్ని ఆ పనికి దూరంగా ఉంచాలి.

బయలుదేరే రోజును క్యాలెండరు చూసి ఎంచుకోవాలి. వారం మొదట్లో పంపితే ఆలస్యమైనా ఆదివారం గోదాములో చిక్కుకోదు. సంక్రాంతి, దసరా రద్దీ రోజులు పనికిరావు. రాత్రి బయలుదేరి తెల్లవారేసరికి చేరే విమానం మంచిది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి, మెహదీపట్నం మీదుగా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి శంషాబాద్ చేరడానికి సాయంత్రం పూట పట్టే సమయం కూడా ప్రయాణంలో భాగమే. పెట్టె డిక్కీలో కాకుండా ఏసీ తగిలే వెనక సీటు కింద ఉండాలి. దాని మీద ప్రాణి ఉందని తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింటిలో పెద్ద అక్షరాలతో రాయాలి. పైభాగం ఎటో బాణం గుర్తు, జాతి పేరు, పంపేవారి, అందుకునేవారి ఫోన్ నంబర్లు నాలుగు పక్కలా ఉండాలి. అందుకునే వ్యక్తి ఇంటి దగ్గర ఎదురుచూడకుండా విమానాశ్రయానికే వెళ్ళి తీసుకుంటే కొన్ని గంటలు కలిసొస్తాయి.

చేరిన ప్రాణిని నేరుగా తొట్టెలోని వేడి దీపం కింద పెట్టకూడదు. గది వేడిలో అరగంట ఉంచి, ముక్కు, కళ్ళు, తోక, డిప్ప పరీక్షించి, నీళ్ళు అందించి, మసక వెలుతురున్న తొట్టెలోకి మార్చాలి. బల్లికి ఒకటి రెండు రోజులు, పాముకు వారం దాకా తిండి పెట్టకపోవడమే మేలు. ఇంట్లో ఇదివరకే సరీసృపాలుంటే కొత్తదాన్ని కనీసం నెల రోజులు, వీలైతే మూడు నెలలు వేరే గదిలో ఉంచాలి. నల్లులు, పేగు పురుగులు ఆ వ్యవధిలో బయటపడతాయి.

ప్రయాణం తర్వాత కూడా కొందరికి ఆ ప్రాణి బరువనిపిస్తుంది. నాణెమంత ఉన్న ఎర్రచెవుల తాబేలు పళ్ళెమంత పెరుగుతుంది, 20, 30 ఏళ్ళు బతుకుతుంది. దాన్ని దుర్గం చెరువులోనో మరో చెరువులోనో వదిలేయడం దయ కాదు. ప్రపంచంలోని 100 అతి హానికర ఆక్రమణ జాతుల జాబితాలో అది ఉంది. మన దేశీయ తాబేళ్ళ తిండినీ, ఎండ కాచుకునే చోట్లనూ లాగేసుకుంటుంది. పెంచలేనివాళ్ళు దయచేసి దాన్ని చెరువు గట్టుకు తీసుకెళ్ళవద్దు. సరైన పెట్టెలో పెట్టి, పెంచగల మరొకరికి కాగితాలతో సహా అప్పగించాలి, లేదా అటవీ శాఖకు ఫోన్ చేయాలి.